తొలిచూలు కాన్పు: నొప్పుల కోసం ఆగాలా, ఆపరేషనా, విశాఖలో ఎక్కడికి వెళ్లాలి?

మా వదిన పురుటి ఫైలులో, స్కాన్ రిపోర్టుల మధ్య, పసుపు అంటిన చిన్న చీటీ ఒకటి ఉండేది. పంతులుగారి దస్తూరీ: "గురువారం ఉదయం 10.42 నుంచి 11.10 లోపు." అప్పటికి ఆమెకు 37 వారాల 2 రోజులు. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉంది. డేటు మాది, కత్తి ఆసుపత్రిది. 10.55కి బాబు పుట్టాడు. పావుగంటలో మూలగడం మొదలుపెట్టాడు, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకున్నాడు. మూడు రాత్రులు ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, ఆక్సిజన్ మీద ఉన్నాడు. మూడో అంతస్తులో కుట్లతో కదల్లేని వదిన చేత్తో పాలు పిండి ఉగ్గుగిన్నెలో పోసేది. అందులో అడుగు కూడా తడవనన్ని పాలు. ఆ గిన్నె పట్టుకుని నేను మెట్లు దిగేదాన్ని. బాబు ఇప్పుడు బాగున్నాడు, బడికి వెళ్తున్నాడు. కానీ 37 వారాలకీ 39 వారాలకీ ఉన్న తేడా ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికి తెలిసినా ఆ మూడు రాత్రులు ఉండేవి కావు.

అందుకే, ఆరో నెలో ఏడో నెలో వచ్చి "నార్మల్‌కి వెళ్లాలా, ఆపరేషన్ చేయించుకోవాలా, ప్రభుత్వ కేజీహెచ్చా, ప్రైవేటా" అని తేల్చుకోలేకపోతున్న ఆడపిల్లల కోసం, వాళ్ల అమ్మల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ శరీరం సంగతి మీ డాక్టరే చెప్పాలి. ఆ గదిలోకి ఏం తెలుసుకుని వెళ్లాలన్నది మాత్రం నేను చెప్పగలను.

ముందు మన లెక్క చూద్దాం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతమైతే, ప్రైవేటులో 63 శాతం. అంటే ప్రైవేటులో అడుగుపెట్టిన ముగ్గురిలో దాదాపు ఇద్దరికి ఆపరేషనే. ఒక జనాభా మొత్తంలో సిజేరియన్లు పది శాతం దాటాక, ఆ పెరుగుదల వల్ల తల్లుల మరణాలు గానీ శిశు మరణాలు గానీ ఇంకా తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఇందులో డాక్టర్ల డబ్బాశ ఒక్కటే చూస్తే లెక్క తప్పుతాం. ఒక్క డాక్టరమ్మ మీదే నడిచే నర్సింగ్ హోంలో ఆమె రాత్రంతా మెలకువగా ఉండి ఒక కాన్పు చూసి, పొద్దున్న ఓపీ కూడా చూడాలి. ఏదైనా తేడా వస్తే గొడవలు, కేసులు. ఇటు నొప్పులంటే మన భయం, ముహూర్తాలు, "మా అమ్మాయి అంత బాధ పడలేదండీ, కోసేయండి" అని మనమే అడగడం. ఇవన్నీ కలిస్తేనే ఆ 63.

ఇంకోవైపు, ఇదే ఉత్తరాంధ్రలో, మన్యం గూడేల నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా తెచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లకి ఆపరేషన్ సమయానికి అందకపోవడమే ప్రమాదం. సిజేరియన్ చెడ్డదని నేను అనను. కావలసినప్పుడు అందిన సిజేరియన్ రెండు ప్రాణాలు నిలబెడుతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా దృష్టిలో చూడాల్సినవి ఐదు. ఆపరేషన్‌కి అసలు వైద్య కారణం ఉందా? ఈ బిడ్డ తర్వాత ఇంకా పిల్లలు కావాలా? మీరు వెళ్లే చోట అర్ధరాత్రి రెండింటికి మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం అందుతాయా? ఇంటికొచ్చాక చేసిపెట్టే మనిషి ఉందా? చివరిది డబ్బు. చాలా ఇళ్లలో దీన్నే మొదట చూస్తారు. తప్పు కాదు గానీ, మొదటి మూడూ తేలాక డబ్బు లెక్క వేసుకుంటే మంచిది.

రెండో ప్రశ్నను చాలామంది అసలు అడగరు. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే తర్వాతి కాన్పు కూడా ఎక్కువగా అటే పోతుంది. ప్రతి ఆపరేషన్‌తో తర్వాతి గర్భంలో మాయ (ప్లాసెంటా) కిందికి, గర్భసంచి ముఖద్వారం మీదికి వచ్చే అవకాశం, పాత కుట్టు దగ్గర గోడలోకి వేళ్లూనుకుపోయే ప్రమాదం పెరుగుతాయి. ఆ పరిస్థితి వస్తే రక్తం విపరీతంగా పోతుంది, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. అందుకే, కారణం లేకుండా చేసే తొలి ఆపరేషన్‌నే నేను అన్నిటికన్నా గట్టిగా ప్రశ్నించమంటాను.

మూడు దారులు, పక్కపక్కన

| చూడాల్సింది | నొప్పుల కోసం ఆగడం | నొప్పులు తెప్పించడం | ముందే డేటు పెట్టుకున్న ఆపరేషన్ |
|---|---|---|---|
| ఎవరికి | తల కిందికి ఉండి, తల్లీబిడ్డ బాగుంటే | 41 వారాలు వచ్చినా, బీపీ, షుగర్ ఉన్నా, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకున్నా | మాయ అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, ఇలాంటి గట్టి కారణం ఉంటే |
| నొప్పి | కాన్పు ముందు ఎక్కువ, తర్వాత తక్కువ | ఇంకాస్త తీవ్రంగా అనిపించవచ్చు | ముందు ఉండదు, తర్వాత వారాల తరబడి |
| ఆసుపత్రిలో | ఒకటి రెండు రోజులు | ముందు ఒక రోజు కూడా కలపాలి | సుమారు మూడు నుంచి ఐదు రోజులు, కొన్నిచోట్ల వారం |
| బిడ్డ ఊపిరి | ఇబ్బంది తక్కువ | వారాలు నిండితే తక్కువ | 39 వారాల ముందైతే ఇబ్బంది ఎక్కువ |
| తర్వాతి కాన్పు | సులువు | సులువు | కుట్టు లెక్కలోకి వస్తుంది |
| ప్లానింగ్ | కుదరదు | కొంత కుదురుతుంది | పూర్తిగా కుదురుతుంది |

ఆగడం గురించి ఒక్క మాట. తొలిచూలుకి టైము పడుతుంది. గర్భసంచి ద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న లెక్క 1950ల నాటిది. అలా తెరుచుకోనంత మాత్రాన ఆపరేషన్ చేయనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా రాసింది. అసలు నొప్పులు ఊపందుకునేది 5 సెంటీమీటర్ల తర్వాతే. అక్కడి నుంచి తొలి కాన్పుకి పన్నెండు గంటల దాకా పట్టడం మామూలు. కాబట్టి మూడు సెంటీమీటర్ల దగ్గర "ప్రోగ్రెస్ లేదు" అన్న మాట వినబడితే, బిడ్డ గుండె చప్పుడు, తల్లి బీపీ బాగున్నాయేమో అడగండి. బాగుంటే ఇంకొంత ఆగొచ్చా అని కూడా అడగండి. ఆసుపత్రికి మరీ తొందరగా పరుగెత్తినవాళ్లే ఈ మాట ఎక్కువగా వింటుంటారు.

నొప్పులు తెప్పించడం అంటే జెల్, మాత్ర, బెలూన్, లేదా సెలైన్‌లో ఆక్సిటోసిన్. "ఇంజక్షన్ పెట్టి నొప్పులు తెప్పిస్తే చివరికి ఆపరేషనే" అని మన పెద్దవాళ్ల నమ్మకం. 2018లో అమెరికాలో ఆరు వేల మందికి పైగా తొలిచూలు తల్లులను పరిశీలిస్తే, 39 వారాలకి నొప్పులు తెప్పించినవాళ్లలో 18.6 శాతానికి, ఆగినవాళ్లలో 22.2 శాతానికి సిజేరియన్ అయింది. అంటే నొప్పులు తెప్పించడమే ఆపరేషన్‌కి దారి తీస్తుందని అనలేం. అయితే అక్కడ గంటల తరబడి ఓపిగ్గా ఆగారు. పొద్దున్న ఎనిమిదికి జెల్ పెట్టి, సాయంత్రం ఆరుకి "ఫెయిలయింది" అని తేల్చేచోట ఆ ఫలితం ఆశించలేం. "మొదలుపెడితే ఎన్ని గంటలు చూస్తారు?" అని ముందే అడగండి.

ముహూర్తం సంగతి

నమ్మకం ఉన్నవాళ్లను మానమని చెప్పను. మా ఇంట్లోనూ ఉంది. కానీ వైద్య కారణంతో ఎలాగూ ఆపరేషన్ తప్పదన్నప్పుడు మాత్రమే ముహూర్తం మాట రావాలి. అప్పుడైనా 39 వారాలు నిండాకే. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోవడం మొదలవుతుంది. నొప్పులు రాకుండా, ఆ వారాలు నిండకుండా తీస్తే ఆ నీరు ఉండిపోయి బిడ్డ ఎగఊపిరి పడుతుంది. మా బాబుకి జరిగింది ఇదే. పంతులుగారి దగ్గరికి వెళ్లేముందు మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ప్రకారం 39 వారాలు ఏ తేదీకి నిండుతాయో డాక్టరుతో రాయించుకోండి. "ఈ తేదీ తర్వాత చూడండి" అని ఆ కాగితం ఆయన ముందు పెట్టండి. చాలామంది పంతుళ్లు కాదనరు. అడిగేవాళ్లే లేరు.

వినగానే బెదిరిపోయే కారణాలు

స్కాన్‌లో "మెడకి పేగు చుట్టుకుంది" అని రాస్తే ఇల్లంతా టెన్షన్. పుట్టే పిల్లల్లో నలుగురైదుగురిలో ఒకరికి అలా ఉంటుంది, చాలామంది మామూలుగానే పుడతారు. ఒక్క అదే అయితే ఆపరేషన్‌కి కారణం కాదు. "బిడ్డ 3.4 కిలోలు, పెద్దది" అన్నదీ అంతే. స్కాన్ బరువు పది శాతం అటూ ఇటూ పోతుంది. తల్లి పొట్టిగా ఉండటం, ముప్పై దాటడం, డేటు రెండు రోజులు దాటడం కూడా విడిగా చాలవు.

వాదించకూడనివీ ఉన్నాయి. మాయ ద్వారాన్ని మూసేయడం, బిడ్డ అడ్డంగా ఉండటం, బొడ్డుతాడు ముందే జారిపోవడం, గుండె చప్పుడు పడిపోయి తిరిగి కోలుకోకపోవడం, పూర్తిగా తెరుచుకున్నాక కూడా తల దిగకపోవడం. ఇక్కడ ఆలస్యమే హాని.

మధ్యరకం ఎదురుకాళ్లు. ఇలా ఉంటే చాలాచోట్ల నేరుగా ఆపరేషన్ డేటు ఇస్తారు. కానీ 36, 37 వారాల్లో పొట్ట పైనుంచి చేత్తో బిడ్డను తిప్పే పద్ధతి ఉంది, దాదాపు సగం మందిలో ఫలిస్తుంది. మీ దగ్గర చేస్తారా అని అడగడం తప్పు కాదు.

నొప్పి భయం

నొప్పి భయాన్ని తేలిగ్గా తీసేసేవాళ్లంటే నాకు కష్టంగా ఉంటుంది. "మేమందరం కనలేదా" అన్న మాట ఎవరికీ ధైర్యం ఇవ్వదు. భయం ఒక్కటే కారణమైతే మాత్రం, ఆపరేషన్ కన్నా ముందు ఎపిడ్యూరల్ గురించి ఆలోచించండి. నడుములో సన్నని గొట్టం ద్వారా మత్తు మందు ఇస్తారు, నొప్పి బాగా తగ్గుతుంది. దానివల్ల సిజేరియన్లు పెరగవని తేలింది. ముక్కే దశ కాస్త సాగొచ్చు. ఎపిడ్యూరల్ వల్ల జీవితాంతం నడుంనొప్పి వస్తుందన్నది అపోహ. రాత్రిపూట కూడా మత్తు డాక్టరు ఉండే చోటే ఇది కుదురుతుంది, కాబట్టి బోర్డు మీద "పెయిన్‌లెస్ డెలివరీ" అని ఉన్నా ఏ వేళల్లో అని అడగాలి.

ఖర్చు లేని మందు ఒకటుంది: పక్కన మనిషి. నొప్పుల్లో ఒకరు విడవకుండా తోడుంటే మామూలు కాన్పులు పెరుగుతాయి, సిజేరియన్లు తగ్గుతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. నా కాన్పులో మా పెద్దమ్మ నా నడుము మీద అరచేయి ఆనించి తొమ్మిది గంటలు అలాగే నిల్చుంది. తెల్లవారుజామున ఆయా వచ్చి "ఏటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా, కూకో" అంటే అప్పుడు కూర్చుంది.

కింద కత్తిరించి కుట్లు వేయడం కూడా అందరికీ అక్కర్లేదు. అవసరం ఉంటేనే చేస్తారా అని ముందే అడిగి ఉంచుకోండి.

విశాఖలో ఎక్కడ

మహారాణిపేటలోని కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923 నుంచి ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి కష్టమైన కేసులు చాలావరకు ఇక్కడికే వస్తాయి. బీపీ ఎక్కువైన తల్లికి, రక్తం తక్కువున్న తల్లికి, నెలలు నిండని బిడ్డకి ఇన్ని విభాగాల డాక్టర్లు ఒకేచోట దొరకడం పెద్ద బలం. జనం ఎక్కువ, విడి గది, తెలిసిన డాక్టరు ఆశించలేం. వన్‌టౌన్‌లోని విక్టోరియా ఆసుపత్రి, అంటే మన ఘోషాసుపత్రి, ఆడవాళ్లకీ పిల్లలకీ ప్రత్యేకం. ఇబ్బందులేమీ లేని కాన్పుకి పాతపట్నం వైపు కుటుంబాలు తరాలుగా అక్కడికే వెళ్తున్నాయి. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, పరీక్షలు, రక్తం, భోజనంతో సహా ఉచితం. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి దించుతారు. ప్రతి నెలా 9న గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి. ప్రైవేటులో చూపించుకుంటున్నా ఒకసారి వెళ్లి చూసి రండి, చోటు అలవాటవుతుంది.

చిన్న నర్సింగ్ హోం బలం, నెలనెలా చూసిన డాక్టరమ్మే పురుడు పోస్తుంది. మన మాట వింటుంది, మన పేరు తెలుసు. బలహీనత రాత్రి. మత్తు డాక్టరు ఫోన్ చేస్తే రావాలి, పిల్లల డాక్టరు ఇంకోచోట ఉంటారు. బిడ్డకి తేడా వస్తే అంబులెన్స్‌లో మరోచోటికి తీసుకెళ్లాలి, తల్లి ఒకచోట బిడ్డ ఒకచోట. ఆరోగ్యంగా ఉన్న తల్లికి, ఓపికున్న డాక్టరమ్మకి ఇది చక్కటి జోడీ. షుగర్, కవలలు, పాత కుట్టు ఉంటే మాత్రం నేను ఇక్కడికి వెళ్లమనను.

పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, ఎపిడ్యూరల్ దొరుకుతుంది. ఖర్చు ఎక్కువ. ప్యాకేజీలో బిడ్డ ఖర్చు, ఎన్ఐసీయూ, మత్తు డాక్టరు ఫీజు కలుస్తాయా అని కాగితం మీద రాయించుకోండి. ఎక్కువసార్లు బిడ్డ బిల్లు వేరే.

దూరం కూడా లెక్కే. గాజువాక నుంచో మధురవాడ నుంచో సాయంత్రం ట్రాఫిక్‌లో మహారాణిపేట చేరడానికి ఎంత పడుతుందో ఒకసారి వెళ్లి చూడండి.

ఏ ఆసుపత్రినైనా పోల్చడానికి నాకు తెలిసిన మంచి ప్రశ్న ఇది: "తొలిచూలు, నెలలు నిండి, ఒకే బిడ్డ, తల కిందికి ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్లలో మీ దగ్గర నూటికి ఎంతమందికి ఆపరేషన్ అవుతోంది?" మొత్తం సిజేరియన్ల శాతం అడిగితే కష్టమైన కేసులు తీసుకునే ఆసుపత్రికి అన్యాయం జరుగుతుంది. తల్లులను ఇలా రకాలుగా విడగొట్టి లెక్కించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది. లెక్క వెంటనే చెప్పగలిగిన డాక్టరు, కనీసం చూసి చెప్తానన్న డాక్టరు నాకు నమ్మకం కలిగిస్తారు. కసురుకునే చోటును అప్పుడే వదిలేయొచ్చు, ఇంకా టైముంది కాబట్టి.

ఎవరికి ఏది

తొలిచూలు, ఆరోగ్యం బాగుంది, ఇంకో బిడ్డ కావాలి అనుకుంటే: నొప్పుల కోసం ఆగండి, 41 వారాలు వస్తే తెప్పించుకోండి. ఘోషాసుపత్రి అయినా, మంచి పేరున్న నర్సింగ్ హోం అయినా సరే.

మొదటిది ఆపరేషన్, ఇప్పుడు రెండోది అయితే: "ఒకసారి కోస్తే ఎప్పుడూ కోయాల్సిందే" అన్నది నిజం కాదు. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసిన ఒక్క కుట్టే ఉంటే, ప్రయత్నించిన పదిమందిలో ఆరు నుంచి ఎనిమిది మందికి నార్మల్ అవుతుంది. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం సుమారు రెండు వందల మందిలో ఒకరికి. తక్కువే, కానీ వస్తే నిమిషాల్లో ఆపరేషన్ జరగాలి. కాబట్టి రాత్రింబవళ్లు థియేటరు, రక్తం ఉన్నచోటే ప్రయత్నించాలి. రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కన్నా తక్కువ ఉంటే ప్రమాదం పెరుగుతుంది. పాత డిశ్చార్జి కాగితం తప్పక దాచుకోండి, కోత ఏ రకమో అందులోనే ఉంటుంది.

ఇద్దరితో ఆపేద్దామనుకుంటే: "ఎలాగూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఉంటుంది కదా, రెండూ ఒకేసారి" అని సిజేరియన్ అడిగేవాళ్లను చూశాను. ఆ ఒక్క కారణానికి పొట్ట కోయించుకోనక్కర్లేదు. నార్మల్ కాన్పు తర్వాత వారం లోపు చిన్న కోతతో అది అయిపోతుంది. భర్త చేయించుకుంటే ఇంకా సులువు.

ఇంట్లో సాయం లేదు, ఉద్యోగం, అపార్ట్‌మెంట్‌లో ఇద్దరే అనుకుంటే: డేటు తెలిస్తే సెలవు పెట్టుకోవచ్చని ఆపరేషన్ వైపు మొగ్గుతారు. కానీ కుట్లతో మంచం దిగడానికి ఒకరు పట్టుకోవాలి, బరువులెత్తకూడదు. సాయం లేనివాళ్లకే త్వరగా కోలుకునే కాన్పు ఎక్కువ అవసరం.

ఏజెన్సీలోనో దూరపు పల్లెలోనో ఉంటే: డేటుకి వారం పది రోజుల ముందే పట్నంలో చుట్టాలింటికో, మన్యంలో కొన్నిచోట్ల ఉన్న గర్భిణుల వసతిగృహానికో చేరిపోండి. ఏ దారి ఎంచుకున్నా ఆసుపత్రికి దగ్గరగా ఉండటం ముఖ్యం.

ఇవన్నీ ఆలోచించి పెట్టుకున్నా, రాత్రి రెండింటికి నర్సు కాగితం చేతికిచ్చి "ఆపరేషన్, సంతకం పెట్టండి" అనొచ్చు. బయట ఉండే మీ భర్తకో అన్నకో మూడు ప్రశ్నలు ముందే నేర్పి ఉంచండి. ఇప్పుడు బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉంది? ఇంకో గంట ఆగితే ఏమవుతుంది? ఆపరేషన్ కాకుండా ఇంకేదైనా ప్రయత్నించగలరా? జవాబు "ఆగే టైము లేదు" అయితే వెంటనే సంతకం పెట్టి, రక్తం ఇచ్చేవాళ్లకి ఫోన్ చేయడం మొదలుపెట్టాలి.